బ్యాంకులో 41 లక్షలు ఉన్నా మునిగిపోతున్న సంస్థ: ఒక కేస్ స్టడీ

చిన్న స్వచ్ఛంద సంస్థలకి లెక్కలు, కమిటీ వ్యవహారాలు, డోనర్లతో మాట్లాడటం, ఈ మూడింట్లో సాయం చెయ్యడం నా పని. పదిహేనేళ్ల నుంచి ఇదే చేస్తున్నా. ఈ కేసు రాసిపెట్టాలని చాలా రోజులుగా ఉంది, ఎందుకంటే ఇందులో దొంగతనం లేదు, ఎవరూ ఒక్క రూపాయి ఇంటికి పట్టుకుపోలేదు, అందరూ ప్రాణం పెట్టి పనిచేసేవాళ్లే, అయినా సంస్థ తాళం వేసేదాకా వచ్చింది. ఎన్జీవో మూతపడింది అనగానే జనం "తినేసుంటారు" అనేస్తారు కదా, నేను దగ్గర్నుంచి చూసినవి చాలామటుకు అట్లా పోలేదు, ఇట్లాగే పోయాయి. ఆ సంస్థ పెట్టిన సార్‌నీ, కమిటీనీ అడిగే రాస్తున్నా. ఊరు, పేర్లు తీసేశా, అంకెలు కొంచెం అటూఇటూ మార్చా, కానీ లెక్క చెడేటట్టు మార్చలేదు.

నేపథ్యం

తెలంగాణలో సీడ్ పత్తి, అంటే విత్తనాల కోసం పెంచే పత్తి, పండించే ప్రాంతం అది. ఆగస్టు వచ్చిందంటే క్రాసింగ్ పని మొదలవుతుంది, సాయంత్రం మొగ్గలు ఒలవాలి, మర్నాడు పొద్దున్నే మగ పువ్వు పుప్పొడి రుద్దాలి, రెండు మూడు నెలలు రోజూ ఇదే పని. పిల్లల వేళ్లు సన్నగా ఉంటాయి, కూలి తక్కువ, అందుకని ఆడపిల్లల్ని బడి మాన్పించి చేలకి తోలుకుపోయేవాళ్లు. సార్ అప్పట్లో గవర్నమెంటు టీచరు. తన క్లాసులో సగం బెంచీలు ఖాళీ అయిపోతుంటే చూడలేక ఉద్యోగం వదిలేసి తొంభైల మధ్యలో సొసైటీ పెట్టారు. అప్పటికింకా 2001 సొసైటీల చట్టం రాలేదు, నిజాం కాలం నాటి 1350 ఫసలీ చట్టం కింద రిజిస్టర్ చేశారు, ఆ సర్టిఫికెట్ లామినేషన్ చేయించి ఇప్పటికీ ఆఫీసు గోడకి వేలాడుతుంది.

నేను వెళ్లేసరికి 34 మంది స్టాఫ్. తల్లిదండ్రులు వలస పోయినప్పుడు పిల్లలు ఉండటానికి సీజనల్ హాస్టల్ ఒకటి, 75 మంది పిల్లలు, దానికి డబ్బు ప్రభుత్వ స్కీము నుంచి రావాలి. ఊళ్లలో సాయంత్రం ట్యూషన్ సెంటర్లు 14. ఈ రెండూ కాక చిన్నా చితకా పనులు.

డబ్బులో మూడింట రెండొంతులు ఒకే చోట నుంచి వచ్చేది. వేరే నగరంలో ఉన్న ఒక పెద్ద సంస్థ విదేశీ నిధులు తీసుకుని, అందులోంచి వీళ్లకి పంపేది. 2020 సెప్టెంబర్‌లో విదేశీ విరాళాల మీద ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం సవరించారు, విదేశీ నిధులు తీసుకున్న సంస్థ వాటిని ఇంకో సంస్థకి బదిలీ చెయ్యకూడదన్నారు, అడ్మిన్ ఖర్చు 50 శాతం దాకా ఉండొచ్చన్నది 20కి తగ్గించారు. ఆ ఒక్క దెబ్బతో వీళ్లకి పైనుంచి వచ్చే ధార ఆగిపోయింది. అందరూ అనుకున్న కారణం ఇదే, సార్ కూడా ఇదే చెప్పేవారు. అది నిజమే, కానీ అదే పెద్ద సంస్థ దగ్గర డబ్బు తీసుకున్న ఇంకో రెండు సంస్థలు నాకు తెలుసు, ఒకటి మూతపడింది, ఒకటి ఒడ్డున పడింది. కాబట్టి చట్టం ఒక్కదాని మీదే తోసెయ్యలేం.

నన్ను పిలిచింది ఎందుకు

2022 జనవరిలో సార్ ఫోన్ చేసి ఒకే మాట అన్నారు, "ఫండ్స్ లేవమ్మా, నాలుగు మంచి ప్రపోజల్స్ రాసిపెట్టు." నేను సరే అన్నా. ఈ కేసులో నేను చేసిన మొదటి తప్పు అదే. ఆడిట్ రిపోర్టులు మూడేళ్లవి తీసి చూశా, సంతకాలన్నీ ఉన్నాయి, ఆదాయం ఖర్చూ సరిపోయాయి, ఇంక లోపలికి వెళ్లలేదు. జ్వరం అని వచ్చినవాళ్లకి జ్వరం మాత్ర ఇచ్చి పంపించా.

ఐదు నెలల్లో మొత్తం పదకొండు ప్రపోజల్స్ పెట్టాం. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కంపెనీల సీఎస్ఆర్ వాళ్లు, అంటే సమాజ సేవకి కంపెనీ పెట్టాల్సిన డబ్బు చూసుకునేవాళ్లు, హడావుడిగా ఉంటారు, 2021 నుంచి రూల్స్ గట్టిపడ్డాయి, ఖర్చు కాని డబ్బు వేరే ఖాతాలోకో ప్రభుత్వ నిధిలోకో మళ్లించాలి కాబట్టి ఏడాది చివర్లో తొందరగా ఇచ్చేస్తారు. మాకు రెండు కంపెనీల నుంచి వచ్చాయి. ఒకటి పిల్లల పోషణ, ఆరోగ్యం మీద. ఇంకోటి గవర్నమెంటు బడుల్లో సైన్స్ ల్యాబులు, అది 38 లక్షల ప్రాజెక్టు, వీళ్ల చరిత్రలో ఒకేసారి అంత పెద్ద గ్రాంట్ రాలేదు. ఆఫీసులో స్వీట్లు పంచారు, నేనూ తిన్నా.

పప్పు పల్చబడింది

జూలైలో హాస్టల్‌కి వెళ్లా, పని మీద కాదు, వేరే ఊరు పోతూ భోజనానికి ఆగా. పప్పు నీళ్లలా ఉంది. గుడ్డు వారానికి మూడు పెట్టాల్సింది ఒకటే పెడుతున్నారు. వంటగదిలోకి వెళ్లి వార్డెన్ అక్కని అడిగితే ముందు మాట దాటేసింది, తర్వాత కందిపప్పు డబ్బా మూత తీసి చూపించింది, అడుగున రెండు గుప్పిళ్లు ఉంటుందేమో. "సేటు ఉద్దెర ఇస్తలేడు మేడం, మూడు నెలల బాకీ ఉంది, మొన్న అడిగితే ఖాతా బుక్కు ముందల పెట్టిండు" అంది.

బ్యాంకులో 41 లక్షలు ఉన్నాయని నాకు తెలుసు, పోయిన వారమే స్టేట్‌మెంట్ చూశా. మరి కందిపప్పుకి డబ్బు లేకపోవడమేంటి?

నేరుగా కిరాణా షాపుకి వెళ్లా. ఆయన ఎర్ర అట్ట పుస్తకం తిప్పి చూపించాడు, 2 లక్షల 80 వేలు బాకీ, ప్రతి పేజీలో వార్డెన్ సంతకం. ఏ ఆడిట్ రిపోర్టులోనూ ఈ బాకీ లేదు, ఎందుకంటే వీళ్లు డబ్బు కట్టినప్పుడే ఖర్చు రాసే పద్ధతిలో ఉన్నారు, కట్టని బిల్లు అసలు లెక్కలోకే రాదు. అక్కడే అర్థమైంది, నేను ఆరు నెలలు తప్పు కాగితాలు చూశానని.

ఆ సాయంత్రం అకౌంటెంట్ తమ్ముణ్ణి కూర్చోబెట్టా. 26 ఏళ్ల కుర్రాడు, బీకాం, చాలా పద్ధతైనవాడు. ఏ ప్రాజెక్టు డబ్బు ఎంత మిగిలుండాలో విడివిడిగా రాయమన్నా. అతను నా వైపు చూసి, బీరువాలోంచి ఒక నోట్‌బుక్ తీశాడు. పద్నాలుగు నెలల నుంచి రాసుకుంటున్నాడు తనకోసం, ఏ గ్రాంట్‌లోంచి ఎంత తీసి దేనికి వాడారో తేదీలతో సహా. "నాకు తెల్సు మేడం. కానీ సార్‌కి ఎట్ల చెప్పాలె? నన్ను చదివించిందే సారు" అన్నాడు. ఈ సంస్థలోనే పెరిగిన పిల్లాడు అతను.

లెక్క ఇలా తేలింది. పోషణ ప్రాజెక్టుది 29 లక్షలు, ల్యాబులది 22 లక్షలు, ఇంకా ఖర్చు కానివి కాబట్టి రెండూ బ్యాంకులో ఉండాలి, అంటే 51. దాని పైన జీతాలు రెండు నెలలవి 8 లక్షల 20 వేలు బాకీ, సేటుకి 2.80, పీఎఫ్ 2.60. మొత్తం 64 లక్షల 60 వేలు ఉండాల్సిన చోట 41 ఉంది. 23 లక్షల 60 వేల గుంత. అందులో 14 లక్షలు ప్రభుత్వం హాస్టల్‌కి ఇవ్వాల్సింది, స్కీము డబ్బు నెలల తరబడి రాదు, పిల్లలు తినడం ఆపరు కదా, అందుకని ఉన్న గ్రాంట్లలోంచి తీసి పెట్టారు. అది ఎప్పటికైనా వస్తుంది. మిగతా 9 లక్షల 60 వేలు మాత్రం పోయినట్టే. ఆఫీసు అద్దె, అకౌంటెంట్ జీతం, ఆడిట్ ఫీజు, జీపు డీజిల్, సార్ గౌరవవేతనం, ఇవి ఏ డోనరూ ఇవ్వనన్న ఖర్చులు. పాత పెద్ద సంస్థ వాటిని భరించేది, అది ఆగిపోయాక రెండేళ్లుగా ఈ ఖర్చులు పక్క ప్రాజెక్టుల్ని కొరుక్కుని తింటున్నాయి.

నన్ను బాగా కలవరపెట్టింది ఇంకోటుంది. ల్యాబుల ప్రాజెక్టు మేము సంబరపడి తెచ్చుకున్నది. అందులో కిట్లకి, టేబుళ్లకి, ట్యాబ్‌లకి డబ్బుంది, వాటిని చూసుకునే కోఆర్డినేటర్‌కి సగం జీతమే ఉంది, తిరగడానికి బండి ఖర్చు లేదు, లెక్కలకి పైసా లేదు. ఏడాదికి 4 లక్షల 30 వేలు సంస్థ ఎదురు పెట్టుకోవాలి. అంటే నేను రాసిన ప్రపోజల్ సంస్థని గట్టెక్కించలేదు, ఇంకొంచెం లోతుకి నెట్టింది. బ్యాంకులో డబ్బు పెరిగేసరికి అందరికీ ధైర్యం వచ్చింది, అంతే.

చేసినవి, పనిచెయ్యనివి

నేను రాకముందే సార్ జీతాలు 30 శాతం తగ్గించారు. ఎవరూ ఎదురు మాట్లాడలేదు, కానీ ఊళ్లలో ఇరవై ఏళ్ల పరిచయం ఉన్న ఇద్దరు ఫీల్డ్ వర్కర్లు రెండు నెలల్లో వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక తల్లిదండ్రుల్ని ఒప్పించేవాళ్లు లేక ఆ సీజన్ హాస్టల్‌లో పిల్లలు తగ్గారు, పిల్లలు తగ్గితే ప్రభుత్వం ఇచ్చే లెక్క కూడా తగ్గుతుంది. జీతం కోత వల్ల మిగిలిన దానికన్నా పోయింది ఎక్కువ.

ఆన్‌లైన్ విరాళాల ప్రచారం ఒకటి చేశారు, 1 లక్ష 90 వేలు వచ్చింది, వీడియోకీ ఫీజుకీ పోగా చేతికి అందింది లక్షా ఇరవై. దాని గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు.

మూడోది నాకు ఆగస్టులో తెలిసింది. సార్ భార్య బంగారం తాకట్టు పెట్టి 3 లక్షలు తెచ్చి జీతాలిచ్చారు, పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు. "మా ఇంటి సంగతి, దాన్ని రాసుడెందుకమ్మా" అన్నారు. ఆ మనిషి మీద నాకున్న గౌరవం ఆ రోజు పెరిగింది, కానీ చెప్పాల్సింది చెప్పా. ఆ 3 లక్షలు పుస్తకంలో అప్పుగా పడుంటే లోటు అప్పుడే కనపడేది, కమిటీ అప్పుడే మేలుకునేది. మంచి మనసుతో పెట్టిన డబ్బే గుంత మీద తడికలా కప్పేసింది.

ఒక పని మాత్రం చెయ్యనివ్వలేదు. ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాలో పాత విదేశీ నిధులు కొంచెం మిగిలున్నాయి, దాంట్లోంచి జీతాలిద్దాం, తర్వాత వేసేద్దాం అని ఒకాయన అన్నారు. నేను కుర్చీలోంచి లేచి మరీ వద్దన్నా. లోకల్ డబ్బులో జరిగిన తప్పుకి డోనర్‌తో మాట్లాడుకుని దిద్దుకోవచ్చు. విదేశీ నిధిని అనుకున్న పనికి కాకుండా వాడితే రిజిస్ట్రేషనే పోవచ్చు, ఒకసారి పోతే మళ్లీ తెచ్చుకోవడం ఎంత కష్టమో ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ తెలుసు.

దారి దొరికిన విధానం

మొదట చేసింది ఒక షీటు. మా అమ్మ పోపుల డబ్బాల్లో డబ్బు దాచేది, జీలకర్ర డబ్బాలో పాలవాడిది, మెంతుల డబ్బాలో స్కూలు ఫీజుది, ఒకదాంట్లోది తీసి ఇంకోదానికి వాడితే చిన్న చీటీ రాసి అందులో వేసేది. ఆ మాట చెప్పి అకౌంటెంట్ నోట్‌బుక్‌నే ఎక్సెల్‌లోకి ఎక్కించాం, ప్రాజెక్టుకో నిలువు గడి, చివర్లో "మన సొంతం" అని ఒక గడి. స్టాఫ్ దాన్ని డబ్బాల షీటు అంటారు ఇప్పటికీ. మొదటి రోజు "మన సొంతం" కింద మైనస్‌లో అంకె చూసి సార్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కుర్రాణ్ణి పిలిచి, "ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదురా" అని కాకుండా, "నువ్వు నాకు చెప్పలేనంతగా నేనేం చేసిన్రా" అని అడిగారు. సంస్థ కోలుకోవడం మొదలైంది ఆ మాట దగ్గరే అనుకుంటా నేను.

ఉన్న డబ్బులో ముందు ఎవరికి కట్టాలి అన్నది పెద్ద చర్చ అయింది. నేను పీఎఫ్ అన్నా. జీతంలోంచి కోసిన ఉద్యోగి వాటా మనది కాదు, కోసుకుని కట్టకపోతే నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసు అవుతుంది, పైగా ఆలస్యానికి ఏడాదికి 12 శాతం వడ్డీ. తర్వాత సేటు, ఎందుకంటే ఆయన ఉద్దెర ఆపితే పిల్లల కంచం ఆగుతుంది. జీతాలు మూడోది. స్టాఫ్‌కి అంకెలన్నీ చూపించి చెప్పాం కాబట్టి ఒప్పుకున్నారు, తగ్గించిన జీతం కూడా మళ్లీ పూర్తిగా ఇచ్చే తేదీ రాసిచ్చాం.

కమిటీ సంగతి. కాగితం మీద ఏడుగురు. అందులో సార్ భార్య, బావమరిది, ఇద్దరు చదువుకున్నప్పటి స్నేహితులు, ఒకాయన చనిపోయి ఏడాదిన్నర అయింది, అయినా పేరు లిస్టులో అట్లాగే ఉంది, ప్రతి ఏడాదీ పాత లిస్టునే కాపీ చేసి రిజిస్ట్రార్ ఆఫీసులో ఇస్తున్నారు. మీటింగ్ మినిట్స్ సార్ రాస్తే మిగతావాళ్లు ఇంటికొచ్చి సంతకం పెట్టేవాళ్లు. జనరల్ బాడీ పెట్టి మార్చాం. రిటైరైన బ్యాంకు మేనేజర్ ఒకాయన, హాస్టల్‌లో చదివి ఇప్పుడు నర్సుగా చేస్తున్న అమ్మాయి, ఇద్దరు తల్లులు వచ్చారు. బంధువులు తప్పుకున్నారు. డబ్బాల షీటు ప్రతి మీటింగ్‌లో మొదటి అంశం, అకౌంటెంటే చదవాలి, సార్ కాదు. ఈ ఒక్క రూలు పెట్టడానికి నేను చాలా పట్టుబట్టా.

అన్నిటికన్నా కష్టమైంది డోనర్లకి చెప్పడం. యుటిలైజేషన్ సర్టిఫికెట్, అంటే ఇచ్చిన డబ్బు అనుకున్న పనికే వాడామన్న కాగితం, ఇచ్చేలోపు ఎట్లాగోలా సర్దేద్దాం, ఎందుకు చెప్పి పరువు తీసుకోవడం అని కమిటీలో సగం మంది అన్నారు. నా వాదన ఏంటంటే, ఆ సర్టిఫికెట్ మీద సీఏ సంతకం పెట్టాలి, లేని డబ్బు ఉందని ఆయన చేత రాయించడం అంటే ఇప్పటిదాకా జరిగిన పొరపాటుని అబద్ధంగా మార్చడం. రెండు పేజీల ఉత్తరం రాశాం, ఎంత తీశాం, దేనికి, ఎప్పటికి తిరిగి వేస్తాం, ఇకముందు ఎవరు చూస్తారు అని. ల్యాబుల కంపెనీ తొమ్మిది నెలల వాయిదా పద్ధతి ఒప్పుకుంది. పోషణ కంపెనీ వాళ్లు బాగా కోప్పడ్డారు, ఒక క్వార్టర్ డబ్బు ఆపేశారు, ఆ మూడు నెలలు నరకం. కానీ తర్వాత వాళ్లే పంపిన ఆడిటర్ షీటు చూసి రిపోర్టు బాగా రాశాడు, కొనసాగించారు.

ఇక ఏది ఆపాలి. నా లెక్క ప్రకారం హాస్టల్ ఆపాలి, అన్నిటికన్నా గుంత దానిదే. కొత్త కమిటీలోని ఒక తల్లి లేచి, "ల్యాబు లేకుంటే బడి బందైతదా మేడం? హాస్టల్ లేకుంటే నా బిడ్డ చేనుకి పోతది" అంది. నా దగ్గర జవాబు లేదు. డబ్బు ఎక్కువ తెచ్చే ల్యాబుల ప్రాజెక్టునే ఏడాది పూర్తయ్యాక పొడిగించొద్దని మేమే రాసిచ్చాం. ట్యూషన్ సెంటర్లు ఆరు ఊళ్లలో స్కూల్ కమిటీలు తీసుకున్నాయి, మిగతా ఎనిమిది మూతపడ్డాయి, అక్కడ చెప్పే అమ్మాయిలకి పని పోయింది, దానికి ఇప్పటికీ బాధగానే ఉంది. హాస్టల్‌ని 75 నుంచి 45కి తగ్గించి, ప్రభుత్వ డబ్బు ఆలస్యమైతే మూడు నెలలు నడపగలిగినంత నిధి పోగయ్యేదాకా సంఖ్య పెంచకూడదని తీర్మానం రాశారు.

కొత్త గ్రాంట్లకి ఇప్పుడు పూర్తి ఖర్చు పెట్టి బడ్జెట్ ఇస్తున్నారు, ఎవరి పని ఎన్ని రోజులో రాసి మరీ. కంపెనీల వాళ్లు తరచూ "చట్టంలో అడ్మిన్ 5 శాతమే" అంటారు. ఆ 5 శాతం పరిమితి కంపెనీ తన సీఎస్ఆర్ విభాగం నడుపుకునే ఖర్చుకి, ప్రాజెక్టు చేసే సంస్థ ఖర్చుకి కాదు, 2021 ఆగస్టులో కంపెనీ వ్యవహారాల శాఖ ప్రశ్నలు జవాబులుగా ఇచ్చిన సర్క్యులర్‌లో ఇది స్పష్టంగా ఉంది. ఆ కాగితం ప్రింట్ తీసి మీటింగ్‌కి పట్టుకెళ్తాం. నాలుగు చోట్ల అడిగితే రెండు చోట్ల ఒప్పుకున్నారు. ఒప్పుకోని రెండూ వదిలేశాం.

"మన సొంతం" గడి నింపింది మాత్రం హాస్టల్‌లో చదివి వెళ్లిన పిల్లలు. కానిస్టేబుళ్లు, నర్సులు, హైదరాబాద్‌లో క్యాబ్ నడిపేవాళ్లు, 130 మంది నెలకి రెండొందలు, ఐదొందలు ఫోన్ పే చేస్తారు, నెలకి 38 వేల దాకా వస్తుంది. ఈ డబ్బుకి ఎవరి షరతూ లేదు, డీజిల్‌కీ వాడొచ్చు, ఆడిట్‌కీ వాడొచ్చు. అందరి పాన్ నంబర్లు తీసుకుని, మే 31 లోపు ఆదాయపు పన్ను శాఖకి దాతల వివరాలు ఫైల్ చేసి, పన్ను మినహాయింపు రసీదు ఇవ్వాలి, ఆలస్యమైతే రోజుకి 200 పడుతుంది, ఆ పని అకౌంటెంట్ తమ్ముడే చూస్తున్నాడు. ఊళ్లలో తల్లులు పిడికెడు బియ్యం మొదలుపెట్టారు, మొదటి ఏడాది 11 క్వింటాళ్లు.

నేను మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరైనా ప్రపోజల్ రాయమని పిలిస్తే ముందు ఏ డబ్బు ఎవరిదో విడదీసి చూపించమంటా, చూపించలేకపోతే ప్రపోజల్ రాయను. ఆడిట్ రిపోర్టుతో పాటు కిరాణా ఖాతా, జీతాల రిజిస్టరు, పీఎఫ్ చలాన్లు అడుగుతా. వంటగదికి తప్పకుండా వెళ్తా. అకౌంటెంట్‌తో సార్ లేనప్పుడు ఒక పూట మాట్లాడతా, ఎందుకంటే ఈ కేసులో సేటుకి తెలుసు, వార్డెన్‌కి తెలుసు, కుర్రాడికి తెలుసు, సంతకాలు పెట్టేవాళ్లకే తెలియదు. వాళ్లని అడిగినవాళ్లు లేరు.

సార్‌కి 68 ఏళ్లు. ఆయన తర్వాత ఎవరన్నది ఇంకా తేలలేదు, నర్సుగా చేస్తున్న అమ్మాయి ఉద్యోగం వదిలి రావడానికి సిద్ధంగా ఉంది కానీ ఆమెకివ్వాల్సిన జీతం ఇంకా ఏ గడిలోనూ లేదు. గుంత 2024 మార్చికి పూడింది, బంగారం విడిపించారు. "మన సొంతం" కింద ఇప్పుడు ఉన్నది రెండు నెలల పది రోజుల ఖర్చుకి సరిపోతుంది. మూడు నెలలకి చేరాకే హాస్టల్‌లో నలభై ఆరో బిడ్డని తీసుకుంటారు, బయట 20 మంది తల్లుల పేర్లు వార్డెన్ అక్క దగ్గర లిస్టులో ఉన్నాయి.